చెల్లెలు గుర్తుపట్టని అక్క

తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసి, తియ్యాలా వద్దా అని నిలబడిపోయిన దిద్దుబాటమ్మని పోయినవారం అక్కడే వదిలేసి వచ్చాం. ఈ వారమే కథలోకి అడుగుపెడుతున్నవారికి నాలుగు మాటలు చెప్పాలి. ప్రెస్సులో ప్రూఫులు దిద్దడమే పనిగా బతికి రిటైరైన ఈమెకి అరవై దాటాయి. ప్రెస్సులో ఎదురు కుర్చీలో కూర్చుని, రాతప్రతిని ఆమెకి పైకి చదివి వినిపించిన మనిషిని అందరూ రేడియో అనేవారు. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా ఆగని గొంతు మరి. ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో, లోకం దృష్టిలో స్నేహితురాళ్లుగా, వయసంతా కలిసి గడిపారు. రేడియో నిరుడు పోయింది. ఆ తరువాత, జన్మలో ఒక్క కథ రాయని దిద్దుబాటమ్మ ఒక నవల రాసింది. ఇద్దరు ఆడవాళ్ల ప్రేమకథ. పబ్లిషరమ్మ సంతోషంగా ఒప్పుకుని, అచ్చుప్రతులు ఇంటికి పంపి, త్వరగా దిద్ది ఇమ్మంది. దిద్దాలంటే పైకి చదివే మనిషి కావాలి. రేడియో చెల్లెల్ని పిలిచింది దిద్దుబాటమ్మ. ఆ కథ దేని గురించో మాత్రం చెప్పలేదు.

గొళ్లెం తీసింది.

"ఏంటి పెద్దక్కా, బెల్లు నొక్కి నొక్కి వేలు అరిగిపోయింది. లోపల జారి పడ్డావేమో అనుకున్నా" అంటూ చెల్లెలు చెప్పులు ఒక మూలకి తన్ని లోపలికి వచ్చింది.

చెల్లెలు సిటీ బస్సులో కండక్టరు. ఆ రోజు ఆమెకి సెలవు. సెలవునాడు కూడా ఆమె మాట్లాడితే వెనక సీటు దాకా వినబడేటట్టే ఉంటుంది. అయితే దిద్దుబాటమ్మని గుమ్మంలోనే నిలబెట్టేసింది ఆ పెద్దగొంతు కాదు. ఆ గొంతులో ఉన్న గరుకు. అక్కాచెల్లెళ్లిద్దరికీ అదే గరుకు, అదే కింది శ్రుతి, మాట చివర అదే చిన్న ఊపు. ఫోనులో విని, రేడియోయే అనుకుని ఎన్నోసార్లు మోసపోయిన గొంతు అది. రేడియో పోయాక ఈ గొంతుని భరించలేకే దిద్దుబాటమ్మ ఈ పిల్లకి ఫోన్ చెయ్యడం మానేసింది. ఇప్పుడు ఈ గొంతు కోసమే పిలిపించింది. ఆ సంగతి తనకి తాను కూడా సరిగ్గా ఒప్పుకోలేదు.

కిటికీ దగ్గర బల్ల. బల్లకి అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. చదివేవాళ్లు కిటికీకి వీపు పెట్టి కూర్చోవాలి, వెలుగు భుజం మీదుగా కాగితం మీద పడాలి. దిద్దేవాళ్లు ఎదురుగా కూర్చోవాలి. ప్రెస్సులో అద్దాల గదిలో అలాగే కూర్చునేవారు, రిటైరయ్యాక ఇంట్లో కూడా కుర్చీలు అలాగే వేసుకున్నారు. కిటికీ వైపు కుర్చీలో ఇన్నాళ్లూ ఎవరూ కూర్చోకుండా పాత పేపర్లు పేర్చి ఉంచింది దిద్దుబాటమ్మ. పొద్దున్నే వాటిని తీసి మంచం కిందకి తోసింది.

"కూర్చో. టీ తాగుతావా?"

"తర్వాత. ముందు నా డ్యూటీ ఏంటో చెప్పు."

"నా చేతిరాత నీ దగ్గర ఉంటుంది. నువ్వు పైకి చదువుకుంటూ పో. నేను అచ్చులో చూసుకుంటూ వస్తా. కామా వస్తే కామా అను. ఫుల్‌స్టాప్ వస్తే ఫుల్‌స్టాప్ అను. కథలో ఎవరైనా మాట్లాడితే ముందు కోట్ మొదలు అను, అయిపోయాక కోట్ పూర్తి అను."

"ఓస్, స్టాపులు అరిచినట్టేగా. దిగేవాళ్లు ముందుకి రావాలి అని కూడా చెప్తాలే."

"అది చెప్పక్కర్లేదు."

"సరే గానీ, నువ్వు రాసింది నువ్వే చూసుకోవచ్చుగా? ఎవరిదో తప్పయితే బియ్యంలో రాయిలా ఏరేస్తావు."

"రాసినవాళ్లకి కాగితం మీద ఉన్నది కనబడదు చిన్నీ. రాయాలనుకున్నది కనబడుతుంది. అందుకే ప్రెస్సులో ఎవరి రాత వాళ్లు దిద్దుకోకూడదు. అది రూలు."

చెప్పి, పెన్ను మూత తీసి, మొదటి పేజీ మీద చూపు నిలిపింది. రాత్రంతా ఒకటే ఆలోచన. ఎంత మార్చినా ఈ పిల్ల పట్టేస్తుంది. నవలలో ప్రెస్సుని లైబ్రరీ చేసింది. తనని లైబ్రేరియన్ చేసింది. రేడియోని మేడ మీద వాటాలోకి అద్దెకి వచ్చిన సంగీతం టీచర్ని చేసింది. ఊరు మార్చింది, జుట్టు మార్చింది. అయినా సరే, తోడబుట్టినది కదా. రెండో పేజీకే తలెత్తి చూస్తుంది. ఇది మా అక్క కదూ అంటుంది. అప్పుడేం చెప్పాలి? ఏం చెప్పాలో రాత్రంతా పదిరకాలుగా అనుకుని, అన్నీ కొట్టేసుకుంది.

చెల్లెలు చదవడం మొదలుపెట్టింది.

మొదట్లో అంతా గందరగోళం. కామాలు మింగేసింది, కోట్ పూర్తి అనడం మరిచిపోయి ఇద్దరి మాటలూ ఒకరికే అంటగట్టింది. "ఆగాగు, ఇది ఎవరన్నారు?" అని దిద్దుబాటమ్మ అడిగితే "నాకేం తెలుసు, ఇద్దరూ ఒకేలాగ మాట్లాడుతున్నారు" అంది. ఆ మాట అప్పుడు దిద్దుబాటమ్మకి తగల్లేదు. మెల్లగా చెల్లెలికి వరస పట్టుబడింది. వాక్యం, కామా, వాక్యం, ఫుల్‌స్టాప్, పేరా. ఆ గరుకు గొంతు ఆగకుండా సాగుతూంటే దిద్దుబాటమ్మ కళ్లు అచ్చుకాగితం మీంచి జారిపోయాయి. ఎన్ని పేజీలు తిరిగాయో తెలియదు. చేతిలో పెన్ను ఉంది, ఎక్కడా గీత పడలేదు. కళ్లు మూసుకుని వింటోంది. రేడియో పోయాక ఇంత హాయిగా ఊపిరి తీసుకున్నది ఇదే మొదలు.

గొంతు ఆగింది.

"పెద్దక్కా, ఒకటడగనా?"

వచ్చేసింది, అనుకుంది దిద్దుబాటమ్మ. కళ్లు తెరిచింది.

"ఈ రెండో ఆవిడ ఎవరు?"

"ఎవరంటే?"

"అబ్బా, నాకు తెలీదనుకోకు. మొదటావిడ నువ్వేగా! పేరు మారిస్తే మాత్రం? అగ్గిపెట్టెలో పుల్లలన్నిటినీ ఒకే వైపు తలలు పెట్టి సర్దే మనిషి ఈ భూమ్మీద ఇంకోరు ఉంటారా? మరి మేడ మీదావిడ ఎవరు? మీ ప్రెస్సులో ఎవరైనానా? నాకు తెలిసినావిడేనా?"

దిద్దుబాటమ్మ ఆమె మొహంలోకి చూసింది. వేళాకోళమేమో అని వెతికింది. అలాంటిదేమీ లేదు. నిజంగానే అడుగుతోంది.

"నీకు తెలియడంలా?"

"తెలిస్తే అడుగుతానా? ఏమనుకోకు గానీ, నాకావిడ కాస్త బోరు కొట్టింది. అంత మెత్తగా, అంత పద్ధతిగా... దగ్గొచ్చినా పర్మిషన్ అడిగి దగ్గేలా ఉంది. అలాంటావిడతో నువ్వెలా వేగావు తల్లీ?"

రాత్రంతా భయపడింది ఈ పిల్ల గుర్తుపడుతుందనే. గుర్తుపట్టదన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. ఆ రెండో భయమొకటి ఉంటుందని కూడా తెలియదు.

"మీ అక్క" అంది.

చెల్లెలు పకపకా నవ్వింది. కుర్చీ వెనక్కి ఊగేంతగా నవ్వింది. నవ్వు సగంలో ఉండగా దిద్దుబాటమ్మ మొహం చూసి ఆపేసింది.

"నిజంగానా? మా అక్కా? ఈవిడా?"

కాగితాలు గబగబా తిప్పింది. ముందుకి తిప్పి, వెనక్కి తిప్పి, ఒకచోట ఆగింది.

"విను. నువ్వు రాసిందే. కోట్ మొదలు. నీ చెంత ఉన్నప్పుడు, కామా, నా మనసుకి ఎనలేని ప్రశాంతత లభిస్తుంది, ఫుల్‌స్టాప్, కోట్ పూర్తి." కాగితం దించింది. "పెద్దక్కా, మా అక్క బతికున్నన్నాళ్లలో ఎప్పుడైనా చెంత అందా? లభిస్తుందంట! లభించడానికి అదేమన్నా బస్‌పాసా?"

"మరి... ఏమనేది?"

"నన్నడుగుతావేం? పక్కనున్నదానివి నువ్వు."

"చెప్పవే చిన్నీ. ఏమనేది?"

అడిగిన తీరు చూసి చెల్లెలు ఒక్క క్షణం తటపటాయించింది. తరువాత కుర్చీలో కిందకి జారి కూర్చుంది. మెడ ఒక పక్కకి వాల్చింది. చూపుడువేలితో ఎదుటి కుర్చీని చూపించింది.

"'దీన్ని చూశావా, దీన్ని. దీని పక్కన కూర్చుంటే చాలు, ఆవలింతలొస్తాయి నాకు. ఒట్టు. డాక్టరిచ్చిన మాత్రలేసుకున్నా రావు, దీని పక్కన వస్తాయి. దొంగమొహంది, మత్తుమందు దుకాణం పెట్టుకున్నా బాగుపడేది.' ఇలా అనేది."

గదిలో రేడియో ఉంది. ఆ కొన్ని మాటలు నడిచినంతసేపూ ఉంది. మాటలు అయిపోగానే మళ్లీ లేదు.

దిద్దుబాటమ్మ బల్ల అంచు పట్టుకుంది. ఆ మాటలన్నీ నిజంగా రేడియో అన్నవే. ఈ బల్ల దగ్గరే, ఈ చెల్లెలి ముందే, ఒకసారి కాదు ఎన్నోసార్లు అంది. మొదటిసారి ఆ సన్నివేశం రాసినప్పుడు తనూ ఆవలింతలనే రాసింది. ఇప్పుడు గుర్తొస్తోంది. మరుసటి రోజు చదువుకుంటే, ప్రేమ ఘట్టంలో ఆవలింతలేమిటి, పాఠకులు నవ్వుతారేమో అనిపించి 'నిద్ర' అని మార్చింది. నిద్ర మొరటుగా ఉందని 'విశ్రాంతి' చేసింది. విశ్రాంతి ప్రశాంతత అయింది. దుకాణం మాట ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. రేడియో సగంలో వదిలేసే వాక్యాలని పూర్తి చేసింది. ఒకే మాట మూడుసార్లు అనే అలవాటుని ఒకసారికి తగ్గించింది. తిట్లు తీసేసింది. ఎవరో అడ్డమొస్తే కథ మధ్యలో వదిలి ఇంకో కథ ఎత్తుకునేది రేడియో, దాన్ని వరసలో పెట్టింది. ఉద్యోగమంతా ఊరివాళ్ల వాక్యాలకి చేసిన సేవ అదే కదా. ఆ అలవాటుకొద్దీ చెయ్యి ఇక్కడా అలాగే నడిచింది. తప్పులన్నీ పోయాక చూస్తే మనిషి మిగల్లేదు.

పొద్దున్నే స్నానం చేసి, ఏదో గుడికి వెళ్తున్నంత శ్రద్ధగా ఈ బల్ల ముందు కూర్చునేది ఇన్నాళ్లూ. రాస్తున్నంతసేపూ ఆమెతో ఉన్నాననుకుంది. నిజానికి ఆమెని తుడిచేస్తూ కూర్చుంది. ఇంకా ఘోరం, ఇప్పుడు రేడియో మాట ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, చెల్లెలు చెప్పనిది ఇంకొకటి గుర్తు తెచ్చుకుందామని చూస్తే, చెవిలో పుస్తకంలో వాక్యాలే వినిపిస్తున్నాయి. మేడ మీద సంగీతం టీచరే మాట్లాడుతోంది. పద్ధతిగా.

"పెద్దక్కా."

చెల్లెలి గొంతులో నవ్వు లేదు. ఇంతసేపూ ఇద్దరు స్నేహితురాళ్ల కథ అనుకునే చదివినట్టుంది. చేతిలో ఇంకా అదే పేజీ ఉంది. ఇందాక చదివిన వాక్యానికి పైనున్నది చదువుకుంది, కిందనున్నది చదువుకుంది. కామాలు లేకుండా, పెదవులు మాత్రం కదుపుతూ.

"ఈ పేజీలో వీళ్లిద్దరూ..."

"అవును."

"మొదటావిడ నువ్వు."

"అవును."

"ఈవిడ మా అక్క."

"అవును చిన్నీ."

కింద వాటాలో ఎవరో కుళాయి విప్పారు, బక్కెట్లో నీళ్లు పడుతున్న చప్పుడు వచ్చింది. బక్కెట్టు నిండి చప్పుడు ఆగేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

"కథ కోసం కల్పించావు కదా?" అంది చెల్లెలు చివరికి.

అడిగిన ప్రశ్నలోనే జవాబు పెట్టి ఇచ్చింది. అందుకుంటే సరిపోతుంది. అవునమ్మా, కథ కదా, అంటే చాలు, ఈ పిల్ల ఇంకో కామా చదువుతుంది, టీ తాగుతుంది, సాయంత్రం ఇంటికి వెళుతుంది. నవల కూడా అచ్చవుతుంది. దిద్దుబాటమ్మ నోరు తెరిచింది. ఇందాక విన్న ఆ దొంగమొహంది అనే పిలుపు చెవుల్లోంచి ఇంకా పూర్తిగా పోలేదు.

"మాటలు కల్పించాను. మిగతాది కల్పించలేదు."

చెల్లెలు కాగితాలన్నీ దగ్గరికి చేర్చింది. నిలబెట్టి, బల్ల మీద తట్టి, అంచులు సమం చేసింది. మళ్లీ తట్టింది. సమంగానే ఉన్నవాటిని ఇంకోసారి తట్టింది.

"నేను మీ ఇంటికొచ్చినప్పుడల్లా ఎక్కడ పడుకునేదాన్ని?"

"మా గదిలోనే."

"గదిలో ఎక్కడ?"

"మంచం మీద." కాస్త ఆగి చెప్పింది దిద్దుబాటమ్మ. "మా ఇద్దరి మధ్య."

"పెళ్లయ్యాక కూడా! మా ఆయనతో గొడవపడి సంచి సర్దుకుని వచ్చినప్పుడల్లా మీ మధ్యన దూరి, కాళ్లు చాపుకుని గుర్రుపెట్టి పడుకున్నాను. వారాలకి వారాలు. ఒక్కరైనా, ఒక్కసారైనా, అవతల గదిలో పడుకోవే అన్నారా?"

"నేనొకసారి అందామనుకున్నా. మీ అక్కే, 'పోనిద్దూ, దానికెక్కడ నిద్రపడితే అక్కడే పడుకోనీ' అంది."

చెల్లెలి మొహం నవ్వబోయినట్టు కదిలింది. నవ్వు రాలేదు. కళ్లు మాత్రం నిండాయి.

"పెద్దక్కా పెద్దక్కా అని తిరిగాను. బావా అని పిలవాల్సిందన్నమాట."

ఆ పిలుపుల్లో ఏదీ తన కోసం పుట్టింది కాదు. పెద్దక్క అన్నది కూడా రేడియో తల్లి, ఇంట్లో వచ్చిపోయే మనిషిని ఏదో ఒకటి అనాలి కదా అని, పెట్టిన పిలుపే.

"ఆ రోజు ఆసుపత్రిలో" అంది చెల్లెలు, "ఐసీయూ తలుపు దగ్గర. నర్సు వచ్చి, ఒక్కరినే పంపుతాం, సొంతవాళ్లెవరు అని అడిగింది. నేను లేచాను. మీరు కూర్చున్నారు."

మీరు. ఎప్పుడు మారిందో తెలియనంత మామూలుగా మారింది ఆ మాట. పుట్టి బుద్ధెరిగాక ఈ పిల్ల దిద్దుబాటమ్మని నువ్వు అనే అంది. కోపం వస్తే నువ్వేంటి చెప్పేది అనేది. మీరు అనలేదు.

"మీరెందుకు లేవలేదు?"

"ఏమని చెప్పి లేవను?"

"నేను... నేనేం చేశాను తర్వాత? మిమ్మల్ని ఇంటికి పంపాను. 'నువ్వెళ్లి కాస్త నడుం వాల్చు పెద్దక్కా, మా మనిషిని మేం చూసుకుంటాం' అన్నాను. మా మనిషి అన్నాను! మీరు సంచి తీసుకుని లిఫ్టు వైపు వెళ్లారు. వెనక్కి కూడా చూడలేదు. చూశారా?"

"చూశాను. నువ్వప్పటికే లోపలికి వెళ్లిపోయావు."

"పొద్దున మీరొచ్చేసరికి..."

"తెలుసు. నీ తప్పేం లేదు చిన్నీ."

"తప్పు లేదని మీరు చెప్పకండి!" చెల్లెలు లేచి నిలబడింది. కుర్చీ కిటికీ గోడకి కొట్టుకుంది. "నాకు తెలియకుండా నా చేత చేయించారు, ఇద్దరూ కలిసి. తెలిస్తే పంపేదాన్నా? పంపేదాన్నేమో, ఏమో, నాకేం తెలుసు? నేనంత గొప్పదాన్నేం కాదు. కానీ నేనెలాంటిదాన్నో నాకైనా తెలిసేది. అది కూడా లేకుండా చేశారు."

దిద్దుబాటమ్మ తల దించుకుంది. ఎదురుగా అచ్చుకాగితం. ఎంత శుభ్రంగా ఉంది! ఒక్క తప్పూ దొర్లలేదు.

చెల్లెలు చేతిరాత కట్టని తిరగేసి ఆఖరి కాగితాలు లాగింది. నిలబడే చదివింది. ఆఖరి అధ్యాయంలో మొదటావిడ ఆసుపత్రి మంచం పక్కనే ఉంటుంది. రెండో ఆవిడ చెయ్యి తన చేతుల్లో ఉంటుంది. కిటికీలోంచి ఎండ పడుతుంది. అప్పుడు రెండో ఆవిడ, నీవల్ల నా జీవితం సార్థకమైంది, అని కళ్లు మూస్తుంది. దాన్ని రాసిన రోజు దిద్దుబాటమ్మ ఎంత ఏడ్చిందో. అంత ఏడిపించింది కాబట్టి బాగా వచ్చిందనుకుంది.

"మీరు అక్కడ లేరు" అంది చెల్లెలు.

"లేను."

"ఇలా అనలేదు."

"తెలుసు." నిరుటి నుంచీ అడగని మాట ఒకటి మిగిలింది. స్నేహితురాలికి ఒకసారి అడిగే హక్కు ఉంటుంది, 'ప్రశాంతంగా పోయింది' అని చెప్పాక రెండోసారి అడిగే హక్కు ఉండదు. "ఏమైనా అందా చిన్నీ?"

"అంది."

"ఏమంది?"

చెల్లెలు ఆఖరి పేజీని బల్ల మీద బోర్లా పెట్టింది.

"చెప్పను."

"చిన్నీ..."

"చెప్తే రాస్తారు. రాస్తే దిద్దుతారు. దీన్నీ ఆ సార్థకంలాగే చేసి పెడతారు. వద్దు. మీ దగ్గర అంతా ఉంది. నాకు తెలియకుండా ఇన్నేళ్లు దాచుకున్నదంతా ఉంది. నా దగ్గర ఆ ఒక్క ముక్కే ఉంది. దాన్ని నా దగ్గరే ఉండనివ్వండి."

దిద్దుబాటమ్మ బతిమాలలేదు. బతిమాలడానికి కావాల్సిన ధైర్యం కూడా ఒక హక్కే అనిపించింది. పైగా ఆ పిల్ల అన్నదాంట్లో అబద్ధం లేదు. చెబితే రాసేదే. రాసి, మర్నాడు పొద్దున స్నానం చేసి వచ్చి, బాగు చేసేది.

చెల్లెలు గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంది. ఒకటి దొరికింది, రెండోది తలుపు వెనక్కి పోయింది. కాలితో లాగి తొడుక్కుంది. వెళ్లొస్తాననలేదు. తలుపు కూడా వెయ్యలేదు.

దిద్దుబాటమ్మ కుర్చీలోంచి కదల్లేదు. పబ్లిషరమ్మకి ఫోన్ చేసి వద్దని చెప్పేయాలి, అనుకుంది. 'ఎంత అందమైన భాషండీ, ఎక్కడా పలుకురాయి తగల్లేదు' అని మెచ్చుకుంది పబ్లిషరమ్మ. ఆ మెప్పుకి ఎంత మురిసిపోయింది! రెండు రోజులు అదే తలుచుకుంది. వద్దని చెప్పాక ఏం చేస్తుంది? మళ్లీ రాయగలదా? దేంతో రాస్తుంది? ఉన్న ఒక్క మనిషి జ్ఞాపకాన్నీ నున్నగా అరగదీసి ఖర్చుపెట్టేసింది. మిగిలింది ఈ కాగితాలు, ఆ వెళ్లిపోతున్న గొంతు. ఈ వయసులో చావు గురించి ఆమెకి పెద్ద భయం లేదు. కానీ రేడియో రెండోసారి పోయింది, ఈసారి తన చేతుల మీదుగానే పోయింది, అన్నది మాత్రం మింగుడుపడడం లేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు మలుపు దాకా వెళ్లి ఆగింది.

ఎవరో ఎదురొచ్చారేమో అనుకుంది. ఎవరూ రాలేదు. చప్పుడు మళ్లీ మొదలవలేదు.

"ఒక్కటి చెప్పండి." మెట్ల మలుపులోంచి వచ్చింది ఆ గొంతు. మనిషి కనబడడంలేదు. "ముందు ఎవరన్నారు?"

"ఏంటి?"

"అదే. ఇద్దరిలో ముందు ఎవరు బయటపడ్డారు? మీరా, మా అక్కా?"

దిద్దుబాటమ్మ లేచి గుమ్మం దాకా వచ్చింది. గోడ పట్టుకుని నిలబడింది. ఈ ప్రశ్న ఆమెని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కొత్తగా పెళ్లయిన ప్రతి పిల్లనీ అందరూ అడిగే ప్రశ్న, మీ ఆయన ముందు నీతో ఏం మాట్లాడాడే అని ముసిముసిగా నవ్వుతూ అడిగే ప్రశ్న, ఆమెని అరవై దాటాక ఒక మెట్ల దారిలో, కనబడని మనిషి, కోపంగా అడిగింది.

జవాబు వెంటనే నాలుక మీదకి వచ్చేసింది. ఆ సాయంత్రం మేడ మీద చల్లగాలి వీస్తూండగా ఆమె నావైపు తిరిగి... దిద్దుబాటమ్మ పెదవి కొరుక్కుంది. అది మూడో అధ్యాయం. మేడ లేదు. అప్పుడు వాళ్లున్న ఇంటికి మేడే లేదు.

మరి ఎక్కడ? కళ్లు గట్టిగా మూసుకుంది. సంగీతం టీచర్ని పక్కకి నెట్టింది. ఆమె వెనకాల ఎవరో ఉన్నారు, అరుస్తున్నారు. వంటిల్లు. నేల తడిగా ఉంది. పళ్లెం పగిలింది, ముక్కలు ఇంకా ఎత్తలేదు. రేడియో ముక్కల మధ్య చెప్పుల్లేకుండా నిలబడి, చేతిలో గరిటె ఊపుతూ అరుస్తోంది, వాక్యం పూర్తి చెయ్యకుండా ఇంకో వాక్యం, దాని మీద ఇంకొకటి.

"అప్పుడు మేం పోట్లాడుకుంటున్నాం" అంది దిద్దుబాటమ్మ.

ఆ మాట పుస్తకంలో ఎక్కడా లేదు.

మలుపులో చెల్లెలి తల కనబడింది. రెయిలింగు పట్టుకుని పైకి చూస్తోంది.

"పోట్లాటా? దేనికి?"

దిద్దుబాటమ్మకి అది కూడా గుర్తొచ్చింది. గుర్తొచ్చిన క్షణంలోనే, రాకుండా ఉంటే బాగుండుననిపించింది. ఆ రోజు పళ్లెం పగిలింది ఈ చెల్లెలి గురించే.

"దేనికి పోట్లాట?" మళ్లీ అడిగింది చెల్లెలు, ఒక మెట్టు పైకెక్కి.